తువ్వాలు చాటు బేరం

ఎడ్ల సంతకు ఎప్పుడైనా వెళ్ళారా? మాది ప్రకాశం జిల్లాలో పత్తి, మిరప పండే పల్లె. చిన్నప్పుడు నాన్న వెంట సంతకు పోయేవాణ్ణి. అక్కడ పెద్ద బేరాలు నోటితో సాగవు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు చాటున చేతులు కలిపి వేళ్ళు నొక్కుకుంటారు. అంకె కుదిరితే జత చేతులు మారుతుంది. కంప్యూటర్ వ్యాసంలో ఈ ఎడ్ల గోల ఎందుకంటారా? చెబుతాను.

కిందటేడు స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజు. అది తప్పితే మిరప కోత కూలీలకని దాచిన డబ్బులోంచి నా ఫీజు కట్టాలి. కంప్యూటర్ గదిలో ఖాళీగా దొరికింది ఒక్కటే మెషీను. ఆదాయ సర్టిఫికెట్ పంపబోతే ఎంతకీ కదలదు. చిత్రమేమిటంటే కార్డు దగ్గర లైటు వెలుగుతూనే ఉంది. పింగ్ కొడితే జవాబు టకటకా వస్తోంది. “కార్డు పోయిందిరా” అన్నాడొకడు. “కార్డుకీ స్విచ్చికీ పడదు” అన్నాడింకొకడు. కేబులు మార్చినా అదే వరస.

అసలు సంగతి ఇది. కేబులు తగిలించగానే నెట్‌వర్క్ కార్డూ స్విచ్చీ చిన్న చిన్న పల్సులతో బేరమాడుకుంటాయి. వేగమెంత? ఇద్దరం ఒకేసారి మాట్లాడదామా (ఫుల్ డూప్లెక్స్), వంతులవారీగానా (హాఫ్ డూప్లెక్స్)? 1995 నాటి 100 మెగాబిట్ ఈథర్నెట్ ప్రమాణంతో వచ్చిన ఈ పద్ధతే ఆటో నెగోషియేషన్. మా స్విచ్చిలో ఆ ఒక్క పోర్టును ఎవరో ఎప్పుడో, ఏ పాత మెషీను కోసమో, ‘100 ఫుల్’ అని బిగించేశారు. అలా బిగించిన పోర్టు బేరానికి వేళ్ళు చాపలేదు. కార్డు మాత్రం తువ్వాలు కింద చెయ్యిపెట్టి కూర్చుంది! వచ్చే సిగ్నల్ తీరునుబట్టి వేగం 100 అని పోల్చుకుంది గాని రెండో సంగతి తెలియలేదు. తెలియనప్పుడు హాఫ్ అనుకోవాలని నియమం.

ఇక రభస చూడండి. పింగ్ చిన్న ముక్క, దాటిపోతుంది. పెద్ద ఫైలు పోతుంటే స్విచ్చి అటునుంచి తన పాటికి తాను పంపుతూనే ఉంటుంది. కార్డేమో “అయ్యో, ఢీకొన్నాం” అని సగంలో ఆపేస్తుంది. ఆ తెగిన ముక్కల్ని స్విచ్చి పారేస్తుంది. మళ్ళీ పంపడం, మళ్ళీ ఆపడం.

ల్యాబు సారు స్విచ్చి లెక్కలు తెరిచి చూస్తే చెడిపోయిన ముక్కలు ఆ పోర్టు దగ్గరే కుప్పపడి ఉన్నాయి. నేను నా తెలివికొద్దీ “కార్డును కూడా ఫుల్ అని బిగిద్దాం సార్” అన్నాను. ఆయన వినలేదు. పని జరుగుతుంది గాని, రేపు అక్కడ ఇంకో మెషీను పెడితే మళ్ళీ ఇదే తంటా. పోర్టును ఆటోకి మార్చారు, అంతే.

(దీపం వెలగకపోయినా, గిగాబిట్ రావలసినచోట 100 దగ్గరే ఆగినా ముందు కేబులును అనుమానించాలి. 100కి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మా హాస్టలు ఎలుకలకీ లెక్క తెలియదు.)

సాయంత్రం అయిదింటికి రసీదు చేతికొచ్చింది. ఫోనులో నాన్నకి ఈ భాగోతమంతా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “అంటే ఆ స్విచ్చి చెయ్యి పెట్టకుండానే నీకు చెయ్యిచ్చిందన్నమాట!” అన్నాడు.