గుండెల్లో మంట: కారణాలు, చికిత్స

ఒకే బాధకు మన దేశంలో పేర్లు అనేకం. తెలుగువారు గుండెల్లో మంట అంటారు. హిందీలో ‘సీనే మే జలన్’, బెంగాలీలో ‘బుక్ జ్వాలా’, తమిళంలో ‘నెంజెరిచ్చల్’, కన్నడంలో ‘ఎదెయురి’ అని వ్యవహరిస్తారు. భాషలు వేరైనా ఈ పేర్లన్నీ తెలిపేవి రెండే సంగతులు: చోటు ఛాతీ, లక్షణం మంట. గుండె ఉన్నది కూడా ఆ ప్రాంతంలోనే కావటం వల్ల పలువురు దీనిని హృద్రోగంగా భావించి భయపడుతుంటారు. మరికొందరు నిజమైన గుండెపోటును సైతం మామూలు మంటగానే తలచి ఉపేక్షిస్తుంటారు. మొదటి పొరపాటు మనశ్శాంతిని హరిస్తుంది. రెండవది ప్రాణాలనే హరించవచ్చు. కనుక ఈ బాధ స్వరూపాన్ని తెలుసుకోవటం ఎంతైనా అవసరం.

చోటు తప్పిన ఆమ్లం

జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్నదని ఆంగ్ల వైద్యుడు విలియం ప్రౌట్ 1823లో నిరూపించారు. మాంసకృత్తులు జీర్ణం కావటానికి తోడ్పడేదీ, ఆహారంతో లోపలికి చేరే సూక్ష్మజీవులను పెక్కింటిని నశింపజేసేదీ ఈ ఆమ్లమే. జీర్ణాశయపు లోపలి గోడను ఒక దట్టమైన జిగురు పొర దీని తాకిడి నుండి కాపాడుతుంది. గొంతు నుండి జీర్ణాశయం వరకు సుమారు 25 సెంటీమీటర్ల పొడవున ఉండే ఆహారవాహికకు అటువంటి రక్షణ లేదు.

ఈ రెండూ కలిసే చోట వలయాకారంలో ఒక కండరం ఉన్నది. ముద్ద మ్రింగినప్పుడు అది తెరుచుకొని, ముద్ద దిగిపోగానే బిగుసుకుంటుంది. అది అకాలంలో సడలినా, బలహీనపడినా ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. సున్నితమైన ఆహారవాహికకు ఆ ఆమ్లం సోకినప్పుడు కలిగేదే ఈ మంట. పుల్లని త్రేన్పులు, నోటిలోనికి చేదునీరు రావటం దానితోపాటు కనిపించే లక్షణాలు. అంటే చాలామందిలో దోషం ఆమ్లం అధికంగా ఊరటంలో కంటె అది చేరరాని చోటికి చేరటంలోనే ఉన్నది. ఆయుర్వేద గ్రంథమైన మాధవనిదానం కూడా అమ్లపిత్తమనే వ్యాధికి పులిత్రేన్పులను, ఛాతీలోను గొంతులోను మంటను లక్షణాలుగా పేర్కొన్నది.

కారణాలు

కడుపునిండా భుజించి వెంటనే పరుండటం కారణాలలో ముఖ్యమైనది. కూర్చున్నప్పుడు, నిలుచున్నప్పుడు భూమ్యాకర్షణ ఆమ్లాన్ని క్రిందనే ఉంచుతుంది. పరుండినప్పుడు ఆ సహాయం లభించదు. నూనె, నెయ్యి హెచ్చుగా గల పదార్థాలు జీర్ణాశయంలో ఎక్కువసేపు నిలిచి ఉంటాయి. పొగాకు, మద్యం కండరాన్ని సడలిస్తాయి. స్థూలకాయం, బిగుతైన దుస్తులు పొట్టపై ఒత్తిడిని పెంచుతాయి. గర్భిణులలో హార్మోనుల ప్రభావానికి గర్భస్థ శిశువు వల్ల కలిగే ఒత్తిడి తోడవుతుంది. ప్రసవానంతరం సాధారణంగా ఈ బాధ తొలగిపోతుంది. కారం, పులుపు, కాఫీ, టీల ప్రభావం మాత్రం అందరిలో ఒకే విధంగా ఉండదు. తమకు ఏది సరిపడదో ఎవరికి వారు గమనించుకొని మానుకోవటం ఉత్తమం.

చికిత్స

చికిత్స దినచర్యతోనే ప్రారంభం కావాలి. రాత్రి భోజనానికీ నిద్రకూ నడుమ రెండు మూడు గంటల వ్యవధి ఉండాలి. మితంగా భుజించాలి, అధికమైన బరువును తగ్గించుకోవాలి. రాత్రివేళ మంట కలిగేవారు మంచానికి తలవైపు కోళ్ళ క్రింద చెక్కదిమ్మలు ఉంచి 15 నుండి 20 సెంటీమీటర్లు ఎత్తు చేసుకోవటం మేలు. దిండ్లు ఎక్కువగా పెట్టుకుంటే నడుము వంగి పొట్టపై ఒత్తిడి పెరుగుతుంది. ఎడమ ప్రక్కకు తిరిగి పరుండటం కూడా ఉపశమనం కలిగిస్తుంది. చల్లని పాలు కాసేపు హాయినిచ్చినా తరువాత ఆమ్లం మళ్ళీ ఊరుతుంది. వంటసోడాలో సోడియం అధికం కనుక రక్తపోటు గలవారికి అది తగదు.

ఔషధాలు ముఖ్యంగా మూడు విధాలు. అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడులు గల యాంటాసిడ్లు అప్పటికే ఊరిన ఆమ్లాన్ని శమింపజేస్తాయి. రెండవ రకం మందులు ఆమ్లం ఊరటాన్నే తగ్గిస్తాయి. జేమ్స్ బ్లాక్ పరిశోధనల ఫలితమైన సిమెటిడిన్ 1976లో బ్రిటన్‌లో వాడుకలోనికి వచ్చింది. ఆయనకు 1988లో నోబెల్ బహుమతి లభించింది. నేడు వాడే ఫామోటిడిన్ ఆ కోవకు చెందినదే. వీటికంటె శక్తిమంతమైన మూడవ రకంలో ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ ఉన్నాయి. వీటిని భోజనానికి అరగంట ముందు, సాధారణంగా 4 నుండి 8 వారాలు వాడవలసిందిగా వైద్యులు సూచిస్తారు. సలహా లేకుండా ఏళ్ళ తరబడి కొని వాడటం మంచిది కాదు. దీర్ఘకాలం వాడినవారిలో కొందరికి మెగ్నీషియం, బి12 విటమిన్ లోపం ఏర్పడవచ్చు.

ఉపేక్షించరాని సూచనలు

మ్రింగటం కష్టమైనా, అకారణంగా బరువు తగ్గినా, మలం నల్లగా వెడలినా, వాంతిలో రక్తం కనిపించినా వెంటనే పరీక్ష చేయించుకోవాలి. ఛాతీలో బిగింపు, శ్రమతో హెచ్చయ్యే నొప్పి, ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకే బాధ, చెమటలు, ఆయాసం గుండెపోటుకు సూచనలు. స్త్రీలలోను మధుమేహ రోగులలోను ఇది కేవలం పైపొట్టలో ఇబ్బందిగా కనిపించటం కూడా కలదు. అట్టి సమయంలో యాంటాసిడ్ మ్రింగి తగ్గుతుందేమో చూద్దామని వేచి ఉండరాదు. అది గుండెపోటు అవునో కాదో ఇంటివద్ద నిర్ణయించటం సాధ్యం కాదు. తక్షణం ఆసుపత్రికి చేరటమే కర్తవ్యం. పరీక్షలో అది మంటేనని తేలితే నష్టమేమీ లేదు. గుండెపోటే అయితే మిగిలిన ప్రతి నిమిషమూ అమూల్యం.