మానని కాలి పుండుకు కట్టు కట్టే ముందు

"చిన్న దెబ్బే కదా, అదే మానుతుంది" అని చాలామంది కాలి పుండును నెలల తరబడి అశ్రద్ధ చేస్తారు. 2 వారాలైనా పుండు మానే దారి పట్టలేదంటే, కాలిలో రక్తప్రసరణ సరిగా లేకపోవచ్చు. ఇలాంటి పుండ్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకదానికి మేలు చేసే కట్టు రెండవదానికి కీడు చేస్తుంది.

సిరల పుండు: రక్తాన్ని కాలి నుండి గుండెకు చేర్చేవి సిరలు. వాటిలోని కవాటాలు పాడైతే రక్తం కిందనే నిలిచిపోతుంది. గంటల తరబడి నిలబడి పనిచేసేవారిలో ఇది ఎక్కువ. సాయంత్రానికి కాలు వాస్తుంది. చీలమండ పైన, లోపలి వైపు చర్మం నల్లబడి దురద పెడుతుంది. అక్కడే లోతు లేని, రసి కారే పుండు పడుతుంది. కాలు ఎత్తుగా పెట్టుకుంటే సుఖంగా ఉంటుంది. దీనికి ముఖ్యమైన వైద్యం పాదం నుండి మోకాలి కింది వరకు వేసే బిగింపు కట్టు, నడక.

ధమనుల పుండు: గుండె నుండి కాలికి రక్తం తెచ్చే ధమనులు పూడుకుపోవడం వల్ల వస్తుంది. బీడీ, చుట్ట, సిగరెట్టు తాగేవారిలో, షుగరు ఉన్నవారిలో ఎక్కువ. కొంత దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. పాదం చల్లగా ఉంటుంది. పుండు వేళ్ల కొసల్లో, మడమ మీద పడుతుంది. రాత్రి నొప్పికి నిద్ర పట్టదు, మంచం మీద నుండి కాలు వేలాడేస్తే కాస్త తగ్గుతుంది. ఈ కాలికి బిగింపు కట్టు వేస్తే, వచ్చే కొద్దిపాటి రక్తం కూడా తగ్గి కాలికే ప్రమాదం.

అందుకే కట్టుకు ముందు పరీక్ష అవసరం. చేతి దగ్గర, చీలమండ దగ్గర బి.పి. కొలిచి పోలుస్తారు. చీలమండ బి.పి.ని చేతి బి.పి.తో భాగించగా 0.9 కన్నా తక్కువ వస్తే ధమని సన్నబడిందని అర్థం. షుగరు ఉన్నవారిలో ఈ అంకె ఒక్కటే చాలదు, డాప్లర్ పరీక్ష కూడా కావలసి రావచ్చు.

ఇంట్లో పాటించవలసినవి:

1. పుండును కాచి చల్లార్చిన నీటితో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డతో కప్పండి.
2. పసుపు, సున్నం, ముక్కుపొడి, ఆకు పసరు పెట్టవద్దు. వేడి కాపడం వద్దు.
3. పొగాకు పూర్తిగా మానండి. షుగరు, బి.పి. అదుపులో ఉంచుకోండి.
4. షుగరు వల్ల స్పర్శ తగ్గితే గాయమైనా నొప్పి తెలియదు. రోజూ అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి.

వేలు నల్లబడినా, దుర్వాసన, జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకినా అదే రోజు ఆసుపత్రికి రండి. కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, విపరీతంగా నొప్పి పెడితే గంట కూడా ఆలస్యం చేయవద్దు.

పుండు వాసనకు సిగ్గుపడి నలుగురిలోకి రావడం మానేసిన పెద్దలు మన ఇళ్లలో ఉన్నారు. వారంతట వారు చెప్పరు. ఈ రోజే మీరు పక్కన కూర్చుని, "కాలు ఒకసారి చూపించండి" అని అడగండి.