బండి అమ్మితే అయిపోలె, పేరు సుత మారాలె

ఊర్లల్ల సెకండ్ హ్యాండ్ బండి బేరం ఎట్ల నడుస్తదో అందరికీ ఎరికే. ఒకలు బండి ఫొటోలు నాలుగు తీసి ఓఎల్ఎక్స్‌లనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లనో, మండలం వాట్సాప్ గ్రూపులనో పెడ్తరు. ఇంకొకలు చూసి ఫోన్ చేస్తరు. చాయ్ హోటల్ కాడ కలుస్తరు, ఒక రౌండ్ కొట్టి చూస్తరు, రెండు మూడు వేలు తగ్గించుకుంటరు. పైసలు అటు, తాళంచెవి ఇటు. అమ్మినాయన ఆర్సీ కార్డు చేతుల పెట్టి "పేరు తర్వాత మార్చుకో తమ్మి" అంటడు. కొన్నాయన "సరే అన్న" అంటడు. ఇగ ఇద్దరూ మర్చిపోతరు.

ఆ "తర్వాత" అన్న మాట ఎంత ఖరీదైందో మన పోరగాండ్లకు ఎవలూ చెప్తలేరు. అందుకే ఈ ముచ్చట.

ఆర్సీల పేరున్నోళ్లే ఓనర్లు

1988 మోటారు వాహనాల చట్టం లెక్క ప్రకారం బండి ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉంటదో ఆళ్లే ఓనర్. పైసలు ముట్టినయి, బండి ఇచ్చేసిన, వాట్సాప్‌ల మెసేజ్ ఉన్నది అంటే సరిపోదు. 2018 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు నవీన్ కుమార్ – విజయ్ కుమార్ కేసుల ఇదే మాట తేల్చి చెప్పింది. ఆ కేసుల ఒక కారు ఒకరి తర్వాత ఒకరికి చేతులు మారింది. ఆర్సీల మాత్రం మొదటి ఆయన పేరే ఉండిపోయింది. 2009ల ఆ కారుతోటి యాక్సిడెంట్ అయి ప్రాణం పోయింది. నష్టపరిహారం ఎవరు కట్టాలె అన్న కాడ, ఎప్పుడో అమ్ముకున్న ఆ మొదటి ఆయన మీదనే బాధ్యత పడ్డది.

దీన్ని మన ఊరి బండికి పెట్టి చూడుండ్రి. కొత్త టూవీలర్ కొన్నప్పుడు 2018 సెప్టెంబర్ నుంచి 5 ఏండ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ దానితోటే వస్తది. ఆ గడువు దాటినంక మళ్ల కట్టేటోళ్లు మనకాడ తక్కువ. సెకండ్ హ్యాండ్‌ల తిరిగే బండ్లల్ల మస్తు బండ్లు ఆ వయసు దాటినయే. అసొంటి బండి నువ్వు అమ్మినవ్, ఆ పిలగాడు ఇంకొకనికి అమ్మిండు, వాడు ఎవరినో గుద్దిండు. ఇన్సూరెన్స్ లేదు. కోర్టు నోటీసు వచ్చేది ఆర్సీల ఉన్న నీ ఇంటికే. పైసలు కట్టకపోతే భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టు కలెక్టర్ ద్వారా వసూలు చేసే అధికారం అదే చట్టంల ఉన్నది. ముప్పై వేలకు బండి అమ్ముకున్నోళ్లకు ఉన్న రెండెకరాల మీదికి వస్తదన్నట్టు.

యాక్సిడెంటే కావాల్నని లేదు. హెల్మెట్ లేని చలాన్లు నీ పేరు మీదనే పడ్తయి. ఆ బండి మీద ఎవడన్న చైన్ గుంజుకపోతే, సీసీ కెమెరాల నంబర్ చూసి పోలీసులు ముందుగాల నీ తలుపే కొడ్తరు.

అమ్మేటోళ్లు చేయాల్సింది

అమ్మినట్టు ఆర్టీఏకు చెప్పే బాధ్యత అమ్మినోళ్ల మీదనే ఉన్నది. ఒకే రాష్ట్రంల అయితే 14 రోజుల్ల చెప్పాలె. దానికి ఫారం 29. పేరు మార్చుమని పెట్టుకునే దరఖాస్తు ఫారం 30, కొన్నోళ్లు 30 రోజుల్ల పెట్టుకోవాలె. చానామంది ఈ రెండు ఫారాల మీద ఖాళీగ సంతకం పెట్టిచ్చి "నా పని అయిపోయింది" అనుకుంటరు. ఆ కాయితాలు బండి డిక్కీల మురుగుతుంటయి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టొద్దు. కొనేటాయన పేరు, అడ్రసు, తారీఖు అన్నీ రాసినంకనే పెట్టుండ్రి.

ఆయన ఆధార్ జిరాక్స్, ఇద్దరి సంతకాలు, బండి అప్పజెప్పిన తారీఖు, టైం రాసిన కాయితం ఒకటి నీ దగ్గర ఉంచుకో. పైసలు ఫోన్‌పే లెక్కన తీసుకుంటే దానికి రుజువు ఉంటది. అన్నింటికన్న మంచిది, ఇద్దరూ కలిసి స్లాట్ బుక్ చేసుకొని ఆర్టీఏ ఆఫీసుకు పోవుడు. కొనేటోళ్లు నసిగితే ఒక రెండు మూడు వేలు ఆపి పెట్టి, కొత్త ఆర్సీ చూపించినంక తీసుకుంట అని ముందే మాట్లాడుకోండ్రి.

కొనేటోళ్లు చూడాల్సింది

ఇంజను సప్పుడు, టైర్లు అందరం చూస్తం. ముందుగాల నంబర్లు చూడాలె. హ్యాండిల్ కింద మెడ దగ్గర చాసిస్ నంబర్ కొట్టి ఉంటది, ఇంజను మీద ఇంజను నంబర్ ఉంటది. రెండూ ఆర్సీతోటి కలవాలె. గీకినట్టో, మళ్ల కొట్టినట్టో కనవడితే ఆడికెళ్లి లేచి రావాలె. బండి నంబర్ ఎంపరివాహన్ యాప్‌ల కొడితే రిజిస్ట్రేషన్ తారీఖు, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఉన్నదా లేదా తెలుస్తది. పెండింగ్ చలాన్లు పోలీసుల ఈ-చలాన్ సైట్ల కనవడ్తయి. అవి ఎవరు కట్టాల్నో బేరంలనే తేల్చుకోండ్రి.

ఆర్సీల ఫైనాన్స్ కంపెనీ పేరుంటే, కిస్తీలు కట్టిండ్రంటే నమ్మొద్దు. కంపెనీ ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 పెట్టి ఆ పేరు కొట్టేపిచ్చినంకనే పైసలు ఇయ్యాలె. లేకుంటే కిస్తీలు ఎగ్గొట్టింది ఆయన, నడిబజార్ల బండి గుంజుకపోయేది నీ దగ్గర.

"కాయితాలు లేవు, అందుకే సగం ధర" అనే బండి జోలికి పోవద్దు. దొంగ సొమ్మని తెలిసో, అనుమానం రావాల్సిన తీరుగున్నా కొంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద 3 ఏండ్ల దాక జైలు పడే కేసు అది.

అయ్య పేరు మీద బండి ఉండి, ఆయన చనిపోతే కొడుకు సంతకం పెట్టి అమ్ముడు కూడా మనకాడ మామూలే. అది చెల్లదు. ముందు ఫారం 31 పెట్టి వారసుని పేరు మీదికి మార్చుకొని, ఆ తర్వాత అమ్మాలె.

పైసల కాడ పైలం

మిలిటరీల ఉన్న, ట్రాన్స్‌ఫర్ అయింది, బండి పార్సిల్ చేస్త, అడ్వాన్స్ కొట్టు అంటే అది మోసం. బండి కండ్లతోటి చూడకుండ రూపాయి పంపొద్దు. నువ్వు అమ్మేటప్పుడు "క్యూఆర్ స్కాన్ చెయ్, నీకు పైసలు పడ్తయి" అని ఎవడన్న అంటే ఫోన్ కట్ చెయ్. మనకు పైసలు వచ్చేటప్పుడు పిన్ కొట్టే పని ఉండదు. పిన్ కొట్టినవంటే మన ఖాతాల నుంచే పోతయి. పోయిన యెంటనే 1930కి ఫోన్ చేయాలె. ఎంత జల్ది చేస్తే పైసలు ఆపే అవకాశం అంత ఎక్కువ.

తప్పు మనదొక్కటేనా?

సర్కారుకు కూడా ఒక మాట చెప్పాలె. టూవీలర్ పేరు మార్చుడుకు సర్కారు ఫీజు మరీ పెద్దదేం కాదు. కని ఊరి నుంచి ఆర్టీఏ ఆఫీసు దాక పోవాలంటే ఇద్దరికి ఒకదినం కూలి పోతది, ఆడ ఏజెంటు ఖర్చు వేరే. అందుకే జనం "తర్వాత" అంటున్నరు. పెన్షన్లకు, రేషన్ కార్డులకు ఊర్లల్ల దరఖాస్తులు తీసుకున్నట్టు, నెలకొకసారి మండలంల పేరు మార్పిడి క్యాంపు పెడితే అయ్యేదేంది? ఇది అడగాల్సింది మన యూతే.

అప్పటిదాక నువ్వు చేయాల్సిన పని ఒకటున్నది. ఇప్పటిదాక అమ్మిన బండ్ల నంబర్లు యాదికి తెచ్చుకొని, ఒక్కొక్కటి ఎంపరివాహన్‌ల కొట్టి చూడు. ఇంకా నీ పేరే ఉంటే ఇయ్యాల్నే కొన్నాయనకు ఫోన్ చెయ్.