హైదరాబాదు పేరుతో ఎగిరిన బాంబర్లు

మా బాసరలో అమ్మవారి సన్నిధిలో అక్షరాభ్యాసాలు చూసినప్పుడల్లా నాకొకటి అనిపిస్తుంది. తల్లులంతా కొడుకు డాక్టరో, ఇంజనీరో కావాలని మొక్కుకుంటారు. యుద్ధవిమానం ఎక్కాలని మొక్కుకునే తల్లి ఉంటుందా? కానీ ఎక్కిన కొడుకులున్నారు. అదీ మన హైదరాబాదు పేరు రాసిన విమానాలు!

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, ఏడవ నిజాం బ్రిటిష్ వాయుసేనకు ఒక దళానికి సరిపడా బాంబర్లు కానుకగా ఇచ్చాడు. ఆ దళానికి '110 హైదరాబాదు స్క్వాడ్రన్' అని పేరు పెట్టారు. అప్పుడు మన బాసర కూడా నిజాం రాజ్యంలోదే. కాబట్టి ఆ కానుకలో మన తాతముత్తాతలు కట్టిన శిస్తు కూడా ఉండే ఉంటుంది కదూ!

ఆ విమానాలకు పైకప్పు లేదు. పైలటు, వెనకాల తుపాకీతో ఇంకొకరు, అంతే. గడ్డకట్టే చలిలో పట్టపగలే జర్మనీ మీదికి వెళ్లేవారు. అలా వెళ్లిన ఒకటి అక్టోబరు 5న శత్రువుకు చిక్కింది. ఎన్నో చేతులు మారి 1977లో లండన్‌లోని వాయుసేన మ్యూజియానికి చేరింది.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి విమానాలు మారాయి, పేరు మారలేదు. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మర్నాడే ఈ దళం నుంచి అయిదు విమానాలు బయల్దేరాయి. ముందు నడిచింది ఫ్లైట్ లెఫ్టినెంట్ కెన్నెత్ డోరన్. మబ్బులు కిందికి దిగి ఉన్నాయి. అయినా వెనుదిరగలేదు. జర్మన్ యుద్ధనౌక 'అడ్మిరల్ షీర్' మీదికి ఎంత కిందికి వచ్చాడంటే, ఓడ వెనకవైపు నావికులు ఆరేసుకున్న బట్టలు కనిపించాయట!

తగిలిన బాంబులు పేలలేదు. వీళ్లతో పాటు దాడికి వచ్చిన మరో దళంవి అయిదు. మొత్తం పదింటిలో అయిదు తిరిగి రాలేదు. డోరన్‌కు పతకం వచ్చింది. 1940 ఏప్రిల్‌లో ఆయన విమానమూ కూలి, శత్రువుకు ఖైదీగా చిక్కాడు.

ఆ ధైర్యానికి చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ నాకు ఆ ఆరేసిన బట్టలే గుర్తుండిపోయాయి. అవీ ఎవరో ఒక తల్లి కన్న కొడుకులవేగా! దండెం మీద పిల్లాడి చొక్కా ఆరేసేటప్పుడు మీరూ ఒక్క క్షణం ఆలోచించండి.