లెక్కకు అందని వృద్ధుల జబ్బులు

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారి సంఖ్య 2011 జనాభా లెక్కల నాటికే 10 కోట్లు దాటింది. వీరిలో చాలామందికి తరచుగా కావలసింది శస్త్రచికిత్స కాదు, నెలనెలా బీపీ, షుగర్ చూసి మందులిచ్చే వైద్యం. ఆసుపత్రిలో చేరకుండా పొందే ఈ సేవనే ఓపీ వైద్యం అంటాం. ఇది ఎందరికి అందడం లేదో తేల్చాలంటే ముందు జబ్బు ఎందరికి ఉందో తెలియాలి. చిక్కంతా అక్కడే ఉంది.

చెబితేనే జబ్బు

జాతీయ నమూనా సర్వే సిబ్బంది గత 15 రోజుల్లో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. ఈ జవాబుల ప్రకారం జబ్బులు కేరళలో ఎక్కువ, బీహార్‌లో తక్కువ. కానీ ఎక్కువ కాలం బతికేది కేరళవారే. ఈ వైరుధ్యాన్ని ఆర్థికవేత్త అమర్త్య సేన్ 2002లో ఎత్తిచూపారు. వైద్యం అందుబాటులో ఉన్నచోట జబ్బు బయటపడుతుంది. లేనిచోట 'పెద్ద వయసు కదా' అని సరిపెట్టుకుంటారు.

అందుకే 45 ఏళ్లు పైబడిన సుమారు 72 వేల మందితో 2017-18లో జరిగిన 'లాసీ' సర్వేలో ప్రశ్నలతో ఆగకుండా రక్తపోటును పరికరంతో కొలిచారు. తమకు బీపీ ఉందని తెలియనివారు ఎందరో అందులో బయటపడ్డారు.

అడ్డంకులు ఎక్కడ?

మోకాళ్ల నొప్పులు, మసకబారిన చూపు ఉన్నవారికి ఆసుపత్రికి తోడు కావాలి. తోడు వచ్చినవారికి ఆ రోజు కూలి పోతుంది. ఓపీ ఖర్చులో పెద్ద వాటా మందులదే. పైగా బీపీ నొప్పి పెట్టదు. కాస్త బాగున్నట్లు అనిపించగానే మాత్రలు మానేస్తారు. అది చివరికి పక్షవాతానికో, కిడ్నీల వైఫల్యానికో దారితీయవచ్చు.

70 ఏళ్లు నిండిన అందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ పథకం వర్తిస్తోంది. ఏటా రూ.5 లక్షల వరకు లభించే ఆ బీమా ఆసుపత్రిలో చేరినవారికే. నెలవారీ ఓపీ వైద్యం దాని పరిధిలో లేదు. అంటే పక్షవాతం వచ్చాక చికిత్సకు భరోసా ఉంది కానీ, దాన్ని ఆపగల బీపీ మాత్రకు లేదు.

ఊరికే వచ్చే వైద్యం

ఆ లోటును ప్రాథమిక వైద్యమే పూడ్చాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 104 సంచార వాహనాలు నెలకోసారి నిర్ణీత రోజున ఊళ్లకు వెళ్లి బీపీ, షుగర్ రోగులకు మందులిచ్చేవి. ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో 30 ఏళ్లు దాటినవారికి ఈ పరీక్షలు చేస్తున్నారు. 'ఇ-సంజీవని' ద్వారా దూరం నుంచే డాక్టరును సంప్రదించవచ్చు. అయితే పరీక్ష ఒక్కసారితో ముగిసిపోకూడదు. ఆ తర్వాత నెలనెలా మందులు ఇంటి దగ్గరలోనే దొరకాలి.

ఇలాంటి సేవలు పెరిగినచోట జబ్బుల సంఖ్య మొదట్లో పెరిగినట్లు కనిపించవచ్చు. అంతమాత్రాన ఆరోగ్యం దిగజారిందని అనుకోనక్కర్లేదు. అంతకాలం దాగిన జబ్బులు లెక్కలోకి వస్తున్నాయన్నమాట.