జిమ్నీకి పెద్ద టైర్లు వేయించారా? పాత స్టెప్నీతో రిస్కే!

ఆఫ్ రోడింగ్ కోసం పెద్ద టైర్లు వేయించుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. అయితే నాలుగు టైర్లు మార్చి, వెనక డోర్‌కు ఉండే స్టెప్నీని మాత్రం అలాగే వదిలేస్తుంటారు. అసలు చిక్కు ఇక్కడే!

తేడా ఎంత?
మారుతి జిమ్నీకి కంపెనీ ఇచ్చే సైజ్ 195/80 ఆర్15. టైర్ ఎత్తు దాదాపు 69 సెంటీమీటర్లు. 235/75 ఆర్15 వేస్తే అది 73 దాటుతుంది. అంటే చక్రం ఒక్క చుట్టు తిరిగితే దాదాపు 13 సెంటీమీటర్ల తేడా. పంక్చరై పాత స్టెప్నీ బిగించి ఫోర్ వీల్ డ్రైవ్ వేశారనుకోండి.. గట్టి రోడ్డుపై ఆ ఒత్తిడంతా గేర్లు, షాఫ్ట్‌ల మీద పడుతుంది. తప్పనిసరైతే 2హెచ్‌లోనే, నెమ్మదిగా టైర్ షాపు దాకా వెళ్లాలి.

డోర్ మోస్తుందా?
పెద్ద స్టెప్నీ బరువు ఎక్కువ. గతుకుల్లో డోర్ హింజెస్ వదులై శబ్దం వస్తుంది. టైర్ కింది అంచు బంపర్‌కు తగలొచ్చు కూడా. అందుకే బరువు ఛాసిస్‌పై పడేలా పక్కకు తెరుచుకునే క్యారియర్ మేలు. టాప్ మీద పెడితే ఏటవాలులో బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది.

ఇవి మర్చిపోవద్దు
బండితో వచ్చిన జాకీ ఎత్తు చాలుతుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. స్టెప్నీలో గాలి నెలకోసారి చెక్ చేయించండి. కంపెనీ స్పెసిఫికేషన్ దాటి మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52తో ఇబ్బంది రావచ్చు. కాబట్టి ముందే ఆర్టీఏ, ఇన్సూరెన్స్ వాళ్లను అడగండి. ఓకే అనుకుంటే.. కొనేది నాలుగు కాదు, ఐదు టైర్లు!