జర్మనీ బడిలో ఇస్లాం పాఠం

మీ అమ్మాయి కాపురం జర్మనీలోనా? అయితే మనవడిని ఒకటో తరగతిలో చేర్పించేటప్పుడు బడివాళ్ళు ఒక మాట అడగొచ్చు: మత పాఠానికి పంపుతారా అని. కంగారుపడకండి.

మన రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ చెయ్యకూడదు. అక్కడ వేరు. 1949 నాటి వాళ్ళ రాజ్యాంగం, కొన్ని ప్రాంతాలు మినహా, మతబోధను మామూలు సబ్జెక్టుగానే చేర్చింది. లెక్కలకు వేసినట్టే దీనికీ మార్కులు!

కేథలిక్, ప్రొటెస్టెంట్ పిల్లలకు ఈ పాఠం ఎప్పటినుంచో ఉంది. 1961 ఒప్పందం మీద టర్కీ నుంచి వచ్చిన కార్మికుల పిల్లల సంగతే తేలలేదు. పాఠం ఆ మత సమాజం సూత్రాలకు తగ్గట్టు ఉండాలని చట్టం. ఇస్లాంలో చర్చిలాంటి ఏర్పాటు లేదు కదా, ఎవరి మాట వినాలి? చివరికి నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రం ముస్లిం సంఘాలతో సలహామండలి వేసి 2012లో మొదలుపెట్టింది. హెస్సె 2013లో మొదలుపెట్టినా, టర్కీ ప్రభుత్వంతో సంబంధం ఉందన్న అనుమానంతో ఒక సంఘాన్ని 2020లో పక్కన పెట్టి, 2022లో మళ్ళీ కలుపుకుంది. పెద్దల తగువులో పిల్లల పాఠం నలగడం అక్కడా తప్పలేదు!

కడప నుంచో గుంటూరు నుంచో వెళ్ళిన ముస్లిం తల్లికి మరో సందేహం రావచ్చు. ఇక్కడైతే పిల్లలు పొద్దున్నే మసీదుకెళ్ళి అరబ్బీ నేర్చుకుని వస్తారు. బడిలో పాఠం ఉంటే అది మానిపించవచ్చా? మానిపించకండి. ఖురాన్ ఓతడం నేర్పడం ఈ పాఠం పని కాదు. ఇది జర్మన్ భాషలో సాగుతుంది, అర్థం చెప్పుకోవడం, మాట్లాడుకోవడం ఎక్కువ. తొమ్మిదేళ్ళ పిల్ల "రేపు పరుగుపందెం ఉంది, ఒక్కపొద్దు ఉండాలా?" అని తాను రోజూ మాట్లాడే భాషలోనే టీచరుని అడగగలగడం చిన్న సంగతి కాదని నా ఉద్దేశం. ఇంట్లో మనం "ముందు తిను" అనేసి ఊరుకుంటాం!

అయినా గుడ్డిగా పంపకండి. పుస్తకం తెప్పించుకుని చూడండి, టీచరుని కలవండి. ఈ పాఠం ప్రతి బడిలోనూ ఉండదు, ముందే కనుక్కోండి. పంపడం ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు, ఆ హక్కు తల్లిదండ్రులదే. చాలా రాష్ట్రాల్లో బదులుగా నీతి పాఠంలాంటిది ఉంటుంది. పద్నాలుగేళ్ళు నిండితే వెళ్ళాలో వద్దో పిల్లలే తేల్చుకోవచ్చు. బవేరియాలో మాత్రం పద్దెనిమిది నిండాలి.